పాత కంప్యూటర్ ఎక్కడ ఆగుతోంది?

కొన్న కొత్తలో చకచకా పనిచేసిన కంప్యూటర్ నాలుగైదేళ్లు తిరిగేసరికి ఎందుకు నీరసపడుతుంది? మీట నొక్కాక పని మొదలుపెట్టడానికి నిమిషాలు పడుతుంది. బ్రౌజర్ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. "ముసలిదైపోయింది, మార్చెయ్యాల్సిందే" అంటారు ఇంట్లోవాళ్లు. "ఒకసారి ఫార్మాట్ కొట్టించి చూడండి" అంటారు పక్కింటివాళ్లు. ఇంతకీ కంప్యూటర్‌కు నిజంగానే వయసు మీద పడుతుందా?

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక నమూనా యంత్రాన్ని ముందు పెట్టుకుందాం. 2015 ప్రాంతపు మామూలు ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ3-5005యు ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలున్న తెర. ఇలాంటివి ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ ఏ బీరువాలోనో మూలన పడి ఉంటాయి. దాన్ని బయటికి తీసి, ఎక్కడ ఆగుతోందో ఒక్కో అడుగు వేసుకుంటూ చూద్దాం.

చిప్పుకు వయసు లేదు

ప్రాసెసర్ చేసే ప్రతి పనీ టిక్కుల లెక్కన సాగుతుంది. ఆ టిక్కులకు ఆధారం మదర్‌బోర్డు మీదుండే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. మన నమూనా ప్రాసెసర్ వేగం 2 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 200 కోట్ల టిక్కులు. 2015లో ఎన్ని టిక్కులో ఇవాళా అన్నే. లోపలి ట్రాన్సిస్టర్లు ఏళ్ల వాడకంలో కొద్దికొద్దిగా అరిగేది నిజమే. కానీ ఆ అరుగుదలను ముందే లెక్కవేసుకుని తయారీలోనే తగిన వెసులుబాటు ఉంచుతారు. వేడెక్కినప్పుడు మాత్రం చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

దీనికి సాక్ష్యం కావాలంటే ఏ ఊళ్లోనైనా పాతకాలపు డీటీపీ సెంటరుకు వెళ్లండి. అక్కడ పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఇంకా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో కూర్చే కంప్యూటర్ ఒకటైనా కనబడే అవకాశం ఉంది. ఆపరేటర్ వేళ్లు ఎంత వేగంగా కదిలితే అక్షరాలు అంత వేగంగా తెర మీద పడతాయి. పాత యంత్రం, పాత సాఫ్ట్‌వేర్, పాత పని. మూడూ ఒక ఈడువి కాబట్టి ఎక్కడా తడబాటు ఉండదు. అదే యంత్రంలో నేటి బ్రౌజర్ తెరిచి, పది ట్యాబులు పెట్టి, వీడియో నడిపితే చతికిలబడుతుంది. యంత్రం మారలేదు. దాని మీద మోపే బరువు మారింది.

బరువు ఎంత పెరిగింది?

విండోస్ 95 నడవడానికి కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ కావాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 64 మెగాబైట్లు. 2009 నాటి విండోస్ 7కు 1 గిగాబైటు. 2021లో వచ్చిన విండోస్ 11కు 4 గిగాబైట్లు. పాతికేళ్లు గడిచేసరికి కనీస అవసరమే వెయ్యి రెట్లయింది.

పాస్కల్ భాషను రూపొందించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే ఈ ధోరణి గురించి హెచ్చరించాడు. హార్డ్‌వేర్ వేగం పుంజుకునే దానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ మందగిస్తోందని ఆయన వాదన. యంత్రాలు శక్తిమంతమైన కొద్దీ ప్రోగ్రాములు రాసేవాళ్లకు పొదుపు అవసరం తగ్గుతుంది. కొత్త యంత్రం కొన్నవాళ్లకు ఆ తేడా తెలియదు. పాత యంత్రం ఉన్నవాళ్లే ఆ భారం మోస్తారు.

భద్రత కోసం చేసిన మార్పులూ కొంత భారమే. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు ప్రాసెసర్ల నిర్మాణంలోనే బయటపడ్డాయి. వాటిని పూడ్చే సవరణలు పాత ప్రాసెసర్ల వేగాన్ని కొంత తగ్గించాయి. అయినా ఆ సవరణలు మానేయకూడదు.

పాత యంత్రం ఉన్నవాళ్లకు ఊరటనిచ్చే విషయం కూడా ఒకటుంది. ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్ అందుకుంది. టిక్కుల వేగం ఇంకా పెంచబోతే చిప్పు వేడి అదుపు తప్పడంతో తయారీదారులు దారి మార్చుకున్నారు. ఒక్కో టిక్కులో ఎక్కువ పని చేయించడం మీద, ఒకే చిప్పులో ఎక్కువ కోర్లు పెట్టడం మీద దృష్టి పెట్టారు. ఉత్తరం రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి, పాఠం వినడానికి అన్ని కోర్లు అక్కర్లేదు. కాబట్టి మామూలు పనుల్లో పదేళ్ల నాటి ప్రాసెసర్ మనం అనుకునేంతగా వెనకబడి లేదు. మరి ఆలస్యం ఎక్కడిది?

గట్టు, కొట్టుగది

వంటింటిని ఊహించుకోండి. వంట చేసే మనిషి ప్రాసెసర్. చేతికందే వంటగట్టు ర్యామ్, అంటే తాత్కాలిక జ్ఞాపకం. సామాన్లు నిల్వ చేసే కొట్టుగది డిస్క్. గట్టు మీదున్న పోపుల పెట్టె అందుకోవడానికి ఒక నిమిషం పట్టిందనుకుందాం. అదే లెక్కన ఇప్పటి ఎస్‌ఎస్‌డి రకం డిస్క్ నుంచి ఒక వస్తువు తేవాలంటే 16 గంటలు దాటుతుంది. పాత హార్డ్ డిస్క్ నుంచి తేవాలంటే వంద రోజులు దాటుతుంది.

ఇది అతిశయోక్తి కాదు. ర్యామ్ నుంచి సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు, ఎస్‌ఎస్‌డి నుంచి సుమారు 100 మైక్రోసెకన్లు పడతాయి. ఇక హార్డ్ డిస్క్ లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఎక్కువ భాగం నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తిరిగి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి. దానికి ముందు, సమాచారాన్ని చదివే ముల్లు సరైన వరుస మీదికి జరగడానికి మరో పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మొత్తం సుమారు 15 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో మన ప్రాసెసర్ మూడు కోట్ల టిక్కులు వేసేస్తుంది. అన్నీ ఎదురుచూపులోనే.

ఇలా చూస్తే హార్డ్ డిస్క్ సెకనుకు అటూఇటూ అరవై డెబ్బై చోట్ల నుంచి మాత్రమే సమాచారం తేగలదు. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు కావాలి. తెర మీద తిరిగే ఆ గుండ్రం వెనక జరుగుతున్న పని ఎక్కువగా ఇదే.

గట్టు నిండిపోతే ఇంకో చిక్కు వస్తుంది. ఇప్పుడే అక్కర్లేని గిన్నెలను కొట్టుగదికి పంపి, అవసరమైనప్పుడు వెనక్కి తెప్పించుకోవాలి. డిస్క్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌కు కొనసాగింపుగా వాడుకునే ఈ ఏర్పాటు పేరు వర్చువల్ మెమరీ. మనం అరువు జ్ఞాపకం అనుకోవచ్చు. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌లో దీన్ని అమలుచేశారు. అరువు కొంచెమైతే ఇబ్బంది లేదు. హద్దు దాటితే యంత్రం తన కాలమంతా తేవడానికీ పంపడానికే ఖర్చుపెడుతుంది. అసలు పని సాగదు. ఈ స్థితికి థ్రాషింగ్ అని పేరు. ఇది ఎందుకొస్తుందో, ఎలా తప్పించాలో పీటర్ డెన్నింగ్ 1968లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. అప్పటిదాకా బాగానే నడిచిన యంత్రం ఒక్క ప్రోగ్రాము అదనంగా తెరవగానే ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. ఏడో ట్యాబు దాకా సాఫీగా ఉండి ఎనిమిదో ట్యాబుకు హ్యాంగ్ అయిన అనుభవం మీకుంటే, మీరు చూసింది ఈ థ్రాషింగ్‌నే.

అసలు సూత్రం

1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిర్మాత ఒక సూత్రం చెప్పాడు. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తంలో ఆ భాగానికున్న వాటాను మించి లాభం రాదు. వినడానికి చిన్న మాటే. పాత కంప్యూటర్ మీద పెట్టే ప్రతి రూపాయినీ దీనితోనే తూచాలి.

ఉదాహరణకు కంప్యూటర్ సిద్ధం కావడానికి 100 సెకన్లు పడుతోంది, అందులో 80 సెకన్లు డిస్క్ కోసం ఎదురుచూపే అనుకుందాం. రెండింతలు వేగమైన ప్రాసెసర్ పెడితే మిగిలిన 20 సెకన్లు 10 అవుతాయి. మొత్తం 90. అదే ప్రాసెసర్‌ను ఉంచి పదింతలు వేగమైన డిస్క్ పెడితే 80 కాస్తా 8 అవుతుంది. మొత్తం 28 సెకన్లు. కొత్త ప్రాసెసర్ మీద పెట్టిన డబ్బు పది సెకన్లు మిగిల్చితే, డిస్క్ మీద పెట్టింది 72 సెకన్లు మిగిల్చింది.

అందుకని ముందుగా ఎక్కడ ఆగుతోందో చూడాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అనే నిలువు వరుసలుంటాయి. మీ రోజువారీ పని చేస్తూ, నెమ్మదించిన క్షణంలో వాటిని చూడండి. సీపీయూ 15 శాతం దగ్గర ఉండి డిస్క్ 100 శాతం చూపిస్తుంటే రోగం డిస్క్‌ది. మెమరీ 90 శాతం దాటి, దాంతోపాటు డిస్క్ కూడా కొట్టుకుంటుంటే ర్యామ్ చాలడం లేదు. రెండూ ఖాళీగా ఉండి సీపీయూ ఒక్కటే 100 దగ్గర నిలిచిపోతే, ఏ ప్రోగ్రాము తింటోందో ఆ వరుస మీద నొక్కి చూసుకోవచ్చు.

అక్కడే స్టార్టప్ అనే పేజీ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే తమంతట తాము లేచే ప్రోగ్రాముల జాబితా అది. ప్రింటర్ వాళ్లది ఒకటి, మీటింగుల యాప్ ఒకటి, ఎప్పుడో వేసి మరిచిపోయిన ఆటది ఒకటి. అక్కర్లేనివాటిని ఆపేస్తే గట్టు కొంత ఖాళీ అవుతుంది. ఫార్మాట్ కొట్టించాక కొన్నాళ్లు బాగుండడానికి కారణం కూడా చాలావరకు ఇదే. ఈ జాబితా ఖాళీ అవుతుంది. మళ్లీ నిండాక కథ మొదటికి వస్తుంది.

ఏది మార్చాలి, ఎలా మార్చాలి?

మన నమూనా ల్యాప్‌టాప్‌కు మొదటి మందు ఎస్‌ఎస్‌డి. ఇందులో తిరిగే పళ్లెం ఉండదు. జపాన్‌లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీ దీనికి ఆధారం. పాత ల్యాప్‌టాప్‌కు కావలసింది రెండున్నర అంగుళాల సాటా రకం. సాటా దారి సెకనుకు సుమారు 550 మెగాబైట్లకు మించి మోయలేదు కాబట్టి పాత యంత్రంలో అంతకన్నా వేగమైనదాని కోసం వెతకనక్కర్లేదు. అసలు లాభం సెకనుకు అరవై డెబ్బైకి బదులు వేల చోట్ల నుంచి సమాచారం తేగలగడంలో ఉంది. బిగించాక నాలుగో వంతో ఐదో వంతో ఖాళీగా ఉంచండి. ఫ్లాష్‌లో పాతదాన్ని చెరిపి కొత్తది రాయడానికి జాగా కావాలి. హార్డ్ డిస్క్‌లో చెదిరిన ఫైళ్లను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ దీనికి అక్కర్లేదు. తీసేసిన హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ పెట్టెలో అమర్చుకుంటే ఫొటోల నకళ్లు దాచుకోవడానికి పనికొస్తుంది.

రెండో మందు ర్యామ్. 4 జీబీకి మరో 4 జీబీ కలిపితే 8. మన ఐ3-5005యు 16 జీబీ దాకా మోయగలదు. కొనేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. ఈ తరం ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల మీద నడిచే డీడీఆర్3ఎల్ రకమే కావాలి. పాత ముక్కను బయటికి తీస్తే అంటించిన కాగితం మీద పీసీ3ఎల్ అని కనబడుతుంది. చివరి ఎల్ లేని ముక్క తెస్తే, గాడిలో సరిగ్గా కూర్చున్నా యంత్రం లేవదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లేటప్పుడు పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్లడం మంచిది.

డబ్బు పెట్టకుండా చేయగలిగేవీ ఉన్నాయి. బ్రౌజర్‌లో ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ లాంటి పొడిగింపు పెడితే ప్రతి పేజీ బరువూ తగ్గుతుంది. వీడియోల్లో మరో కిటుకు. 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264 పద్ధతి వీడియోను విప్పడానికి మన ప్రాసెసర్‌లో ప్రత్యేక భాగం ఉంది. 2018లో వచ్చిన ఏవీ1 పద్ధతికి అలాంటి భాగం లేదు. ఏవీ1 వీడియో వస్తే మామూలు కోర్లే ఆ భారమంతా మోసి వేడెక్కుతాయి. హెచ్264ఐఫై అనే పొడిగింపు యూట్యూబ్‌ను పాత పద్ధతి వీడియోనే పంపేలా చేస్తుంది. తెర నిలువున 768 చుక్కలే కాబట్టి 720పీ నాణ్యత చాలు. 1080పీ తెచ్చుకున్నా అదనపు చుక్కలను తెర చూపించలేదు. వాటిని విప్పిన శ్రమ మాత్రం వృథా.

వేడి, దుమ్ము

చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకునే సందర్భం వేడి. లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే ప్రాసెసర్ కాలిపోకుండా టిక్కులు తగ్గించుకుంటుంది. దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆన్ చేసిన పది నిమిషాల దాకా బాగా ఉండి, తర్వాత ఫ్యాన్ హోరెత్తి, ఆపైన మందగిస్తే అనుమానం దీని మీదే.

మన ఎండల ప్రభావం ఇందులో లెక్కకు దొరుకుతుంది. వేడి బయటికి పోయే వేగం చిప్పుకూ గదికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. గది 25 డిగ్రీలుంటే, 100 డిగ్రీల చిప్పుతో తేడా 75. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో విజయవాడలోనో గది 43 డిగ్రీలకు చేరితే తేడా 57. అంటే అదే ఫ్యాన్, చిప్పు వేడిని మోసుకెళ్లే అదే రాగి గొట్టం ఉన్నా చల్లబరిచే శక్తి దాదాపు పావు వంతు తగ్గిపోతుంది. పరుపు మీద పెట్టి గాలి దారి మూసేస్తే ఇంకా తగ్గుతుంది. వేసవిలో కింద రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తు చేయడం వట్టి చాదస్తం కాదు, పనికొచ్చే వైద్యమే.

బయటి జాలీ శుభ్రంగా కనబడినా మోసపోవద్దు. దుమ్ము పేరుకునేది ఫ్యాన్‌కూ రాగి గొట్టం చివరనుండే సన్నని రేకులకూ మధ్య. కింది మూత తీసి ఫ్యాన్ విప్పితే అక్కడ దుమ్ము, దూది పోగులు అట్టకట్టి రేకుల సందులన్నీ మూసేసి కనబడతాయి. దాన్ని మెత్తని బ్రష్షుతో తీసి, మిగిలింది బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. చిప్పుకూ రాగి రేకుకూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఏళ్ల తర్వాత ఎండిపోతుంది. పాతది తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెడితే వేడి మళ్లీ సాఫీగా బయటికి పోతుంది. మూత తీసినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనబడితే మాత్రం అక్కడితో ఆగిపోండి. దాన్ని గుచ్చవద్దు, నొక్కవద్దు. మళ్లీ చార్జింగ్ పెట్టకుండా తెలిసినవాళ్లకు అప్పగించాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చితే?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లోనైతే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మన నమూనాలోని ఐదో తరం ఐ3 ఆ జాబితాలో లేదు. యంత్రం బాగానే ఉన్నా దానికి మామూలుగా భద్రతా సవరణలు అందని పరిస్థితి వచ్చింది.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ సవరణలు వేసుకోని విండోస్ యంత్రాలను ప్రపంచమంతటా స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. పాత విండోస్‌లోనే పని జరగాల్సిన డీటీపీ సెంటర్లు ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచుకోవడమే క్షేమం.

ఇంటర్నెట్ కావాల్సినవాళ్లకు లినక్స్ ఉంది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు ఎన్నో రూపాలున్నాయి. పాత యంత్రాలకు లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం, లుబుంటు అనువైనవి. రెండూ ఉచితం. తెలుగు యూనికోడ్ చదవడం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో టైపు చేయడం రెండింటిలోనూ కుదురుతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, డిస్క్‌ను ముట్టకుండానే నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయని తేలాకే లోపల ఎక్కించండి. ట్యాలీ, పేజ్‌మేకర్ లాంటి విండోస్ ప్రోగ్రాముల మీద జీవనం నడిచేవాళ్లు మాత్రం ఈ మార్పుకు ముందు బాగా ఆలోచించుకోవాలి.

లినక్స్‌లో జెడ్‌ర్యామ్ అనే సదుపాయం ఒకటుంది. ర్యామ్ నిండబోతున్నప్పుడు అందులోని సమాచారాన్ని డిస్క్‌కు పంపే బదులు ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. కుదించడానికి ప్రాసెసర్ కొంత శ్రమపడాలి. కానీ పాత యంత్రంలో ఖాళీగా ఉండేది ప్రాసెసరే, చాలనిది జ్ఞాపకం. ఉన్నదాన్ని ఖర్చుపెట్టి లేనిదాన్ని ఆదా చేయడం ఇది. ఆమ్‌డాల్ సూత్రాన్ని ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అమలు చేయడమన్నమాట.

ఎందుకింత శ్రమ?

ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది అందులో 22.3 శాతమే. ల్యాప్‌టాప్ జీవితకాలంలో పర్యావరణం మీద పడే కర్బన భారంలో అధిక భాగం దాన్ని తయారుచేసేటప్పుడే పడుతుంది. మనం వాడే కరెంటు వాటా చిన్నది. కాబట్టి ఉన్న యంత్రాన్ని మరో నాలుగేళ్లు నడిపించడం వాతావరణానికి మనం సులువుగా చేయగల మేలు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ యంత్రం నేరుగా వాళ్లకే పనికొస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. 2 జీబీ ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉన్న చవక యంత్రాలను పెంచలేం. సినిమా ఎడిటింగ్‌కు, కొత్త ఆటలకు పాత ఐ3 చాలదు. అలాంటి యంత్రాన్ని వదులుకునే ముందు డిస్క్‌లోని సమాచారం పూర్తిగా చెరిపి, అధీకృత సేకరణ కేంద్రానికే ఇవ్వండి.

రేపు కొత్తది కొనాల్సి వచ్చినా ఈ అధ్యాయం పనికొస్తుంది. దుకాణంలో ప్రాసెసర్ ఎన్నో తరమని అడిగే ముందు, ర్యామ్ విడిగా ఉందా అతికించి ఉందా, డిస్క్ మార్చుకునే వీలుందా అని అడగండి. ఆ యంత్రం ఐదేళ్లకే మూలన పడుతుందా, పదేళ్లు పనికొస్తుందా అన్నది చాలావరకు ఈ రెండు ప్రశ్నల జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.